పిల్లి ఉచ్చ కంపు, ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో రెండు పిల్లులు. జాంగ్రీ అని నారింజ రంగు మగది, మిరియం అని నల్లటి ఆడది. ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్లలోనే పెంచుతున్నాం. ఈ ఎనిమిదేళ్ళలో ఒక పరుపు, రెండు సోఫా కుషన్లు, లెక్కలేనన్ని డోర్ మ్యాట్లు పోయాయి. తెలిసినవాళ్ళ ఇంట్లో ఏ పిల్లి మంచం మీద పోసినా ఫోన్ నాకే వస్తుంది, అది కూడా ఫినాయిల్ పోసి కడిగేశాక వస్తుంది, అదే నా బాధ. అందుకే అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, కడిగి కడిగి నేర్చుకున్నదాన్ని.

ఇప్పుడే పరుపు మీద పోసింది, ఇంకా తడిగానే ఉంది. ముందేం చేయాలి?

చదవడం ఆపి ఒక పాత నూలు గుడ్డ తీసుకోండి. పంచె ముక్కయినా లుంగీ ముక్కయినా సరే, నాలుగు మడతలు పెట్టి తడి మీద పరిచి దాని మీద నిలబడండి. అవును, ఎక్కి నిలబడండి, చేత్తో ఒత్తితే చాలదు. గుడ్డ తడిస్తే ఇంకోటి వేయండి, వేసిన గుడ్డ పొడిగానే పైకి వచ్చేదాకా ఇదే పని. రుద్దొద్దు, రుద్దితే అరచేతంత మరక పళ్ళెమంత అవుతుంది. తర్వాత గ్లాసుడు చన్నీళ్ళు ఆ చోటే పోసి మళ్ళీ అద్దండి. వేడినీళ్ళు, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయర్ జోలికి పోవద్దు, వేడి తగిలితే మరకా వాసనా రెండూ పట్టుకుని కూర్చుంటాయి. ఎండలో వేయడం చివరి పని, మొదటి పని కాదు.

దేనితో కడగాలన్నది కింద చెప్తాను. ఒకవేళ ఇంట్లో ఏమీ లేకపోతే అద్దిన చోట వంట సోడా మందంగా చల్లి వదిలేయండి, బజారుకెళ్ళి వచ్చేలోపు కొంత తడి, కొంత వాసన పీలుస్తుంది.

కుక్క ఉచ్చకి లేని కంపు పిల్లి ఉచ్చకి ఎందుకు?

పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల్లో తిరిగే అడవిపిల్లి నుంచి మన పిల్లులొచ్చాయి. నీళ్ళు దొరకని చోట బతకాలి కాబట్టి వాటి కిడ్నీలు నీటిని వెనక్కి లాగేసుకుని, ఉచ్చని చిక్కటి కషాయంలా బయటికి పంపుతాయి. అందులో యూరియా ఎక్కువ. బయట పడ్డాక బాక్టీరియా ఆ యూరియాని అమ్మోనియా చేస్తుంది, ముక్కు మండే ఘాటు అదే. దానికి తోడు ఫెలినిన్ అని పిల్లి జాతిలోనే కనిపించే ఒక పదార్థం ఉంది, అది మెల్లగా విరిగి గంధకం ఉన్న వాయువులు వదులుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఇది చాలా ఎక్కువ. అందుకే పోసిన గంటలో పెద్దగా తెలియని వాసన మూడో రోజుకి ఇల్లంతా లేస్తుంది.

ఇంకొకటి యూరిక్ ఆసిడ్. ఇది నీళ్ళలో సరిగా కరగదు. మీరు పదిసార్లు తడిగుడ్డ పెట్టినా మిగతావన్నీ పోయి ఇది సన్నటి పలుకుల్లా గుడ్డ పోగుల్లో, టైల్స్ సందుల్లో ఉండిపోతుంది. వేసవంతా ఏ వాసనా ఉండదు, హమ్మయ్య పోయిందనుకుంటాం, జూలైలో ముసురు పట్టగానే గాలిలో తేమ తగిలి మళ్ళీ మొదలు.

ఫినాయిల్‌తో కడిగితే పోదా? డెట్టాల్? బాత్రూమ్ యాసిడ్?

పోదు, పైగా మూడూ ప్రమాదమే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాది మర్చిపోయినా పర్లేదు.

పిల్లి కాలేయానికి ఫినాల్ జాతి పదార్థాలని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి అవే. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ కూడా ఆ కోవదే. నేల తుడిచిన కాసేపటికి పిల్లి దాని మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని తీరిగ్గా పాదాలు నాక్కుంటుంది, అలా కడుపులోకి పోతుంది. తెల్ల ఫినాయిల్‌లో పైన్ నూనె, అదీ పిల్లికి పడదు. బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న ఫ్లోర్ క్లీనర్లు చిక్కగా వాడితే నాలుక మీద పుళ్ళు లేస్తాయి. నేల తుడవడానికి ఏది వాడినా డబ్బా మీద చెప్పిన దానికంటే పలచగా కలిపి, చివర్లో మామూలు నీళ్ళతో ఇంకోసారి తుడిచి, ఆరేదాకా పిల్లిని వేరే గదిలో ఉంచండి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇంకా దారుణం. ఉచ్చలో అమ్మోనియా ఉందని పైన చెప్పాను కదా, బ్లీచింగ్ దానితో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్, యాసిడ్ రెండూ కలిపి పోస్తే క్లోరిన్. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో ఇలా కలిపి పోసి ఊపిరాడక బయటికి పరిగెత్తిన మనిషి నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూస్తుంటాను.

నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం, యూకలిప్టస్ నూనె, టీ ట్రీ నూనె, ఇవన్నీ 'పిల్లి రాకుండా' అని చెప్పే చిట్కాల్లో ఉంటాయి, అన్నీ పిల్లికి విషమే. అగరబత్తులు, సాంబ్రాణి పొగ వాసనని కప్పుతాయంతే. అయినా ఉచ్చ కంపు మీద మల్లెపూల స్ప్రే కొడితే వచ్చేది మల్లెపూల వాసన కాదు.

మరి దేనితో కడగాలి?

ఎంజైమ్ క్లీనర్. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, డబ్బా మీద ఎంజైమ్ అనో, పనికొచ్చే బాక్టీరియా ఉందనో రాసి ఉండాలి. వట్టి 'ఓడర్ రిమూవర్' అని ఉంటే చాలావరకు సెంటు నీళ్ళే. ఇది వాసనని కప్పదు, వాసన పుట్టించే పదార్థాలనే విరగ్గొడుతుంది. కాకపోతే టైమ్ కావాలి. అందరూ రెండు స్ప్రేలు కొట్టి, పది నిమిషాలకి తుడిచేసి, పనిచేయలేదు డబ్బులు దండగ అంటారు. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో మందు కూడా అంత లోతుకి దిగాలి. పరుపైతే స్ప్రే కాదు, పోయాలి. పోసి, పైన ప్లాస్టిక్ కవర్ పరిచి, ఒక రోజంతా తడి ఆరకుండా ఉంచి, ఆ తర్వాత ఫ్యాన్ కింద ఆరనివ్వాలి. ఆరుతున్నప్పుడు వాసన పెరిగినట్టు అనిపిస్తుంది, కంగారు పడకండి. పూర్తిగా ఆరాక ముక్కు పెట్టి చూడండి, ఉంటే ఇంకోసారి.

అంతకుముందే డిటర్జెంటో ఫినాయిలో పోసి ఉంటే ముందు నీళ్ళతో బాగా జాడించి తీసేయండి, లేకపోతే అవి ఎంజైమ్‌ని చంపేస్తాయి.

ఎంజైమ్ దొరకకపోతే రెండో దారి హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికే సీసా మీద 6 శాతం, లేదా 20 వాల్యూమ్ అని ఉంటే అంతే నీళ్ళు కలిపి 3 శాతం చేసుకోండి. అలా చేసిన అర లీటరులో రెండు పెద్ద చెంచాల వంట సోడా, అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్. పోసి పావుగంట ఉంచి అద్దేయాలి. ఎప్పటికప్పుడే కలుపుకోవాలి, మిగిలింది మూత బిగించి దాచకూడదు, లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. రంగు గుడ్డల మీద మూలన చిన్న చుక్క వేసి చూసుకోండి, ఇది రంగు తినేస్తుంది. మా అత్తయ్య ఇచ్చిన మెరూన్ దుప్పటి మీద ఇప్పుడు ఇండియా మ్యాప్ లాంటిది ఒకటి ఉంది. వెనిగర్‌తో కలపొద్దు, ఎంజైమ్ పోసిన రోజే దీన్ని పోయొద్దు.

వెనిగర్ పనికిరాదా? అందరూ అదే చెప్తారు.

ఒక వంతు తెల్ల వెనిగర్‌కి ఒక వంతు నీళ్ళు కలిపితే అమ్మోనియా ఘాటుని బాగానే తగ్గిస్తుంది, యూరిక్ ఆసిడ్‌ని మాత్రం ఏమీ చేయలేదు. బట్టలకి బాగుంటుంది. చన్నీళ్ళలో జాడించి, వెనిగర్ నీళ్ళలో అరగంట నానబెట్టి, తర్వాత మెషీన్‌లో వేయండి.

నేల మీద పోసేముందు మీ నేల ఏమిటో చూసుకోండి. పాలరాయి, తాండూరు బండ, కడప బండ అన్నీ సున్నపురాళ్ళ జాతే. వెనిగరైనా నిమ్మకాయైనా వీటి మీద పడితే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది, ఉచ్చ మరక కంటే ఆ మచ్చే ఎక్కువ కనిపిస్తుంది, అద్దె ఇల్లయితే ఓనరుకి సమాధానం చెప్పుకోలేం. విట్రిఫైడ్ టైల్స్‌కి ఏ భయమూ లేదు, కానీ టైల్ కడిగితే సరిపోదు, వాసన దాక్కునేది టైల్స్ మధ్య సందులో. పాత టూత్ బ్రష్‌తో ఎంజైమ్ ఆ సందుల్లోకి పట్టించండి.

నారింజ తొక్కలు, బెల్లంతో ఇంట్లో చేసే బయో ఎంజైమ్ వాడొచ్చా?

మూడు వంతుల తొక్కలు, ఒక వంతు బెల్లం, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు, అదేగా? సింకు కడుక్కోవడానికి బాగుంటుంది. మూడు నెలలు పులిశాక అది దాదాపు వెనిగర్ లాంటి పుల్లటి నీళ్ళు. పేరులో ఎంజైమ్ ఉంది కదా అని బజారు ఎంజైమ్ చేసే పని చేస్తుందనుకోకండి. నిమ్మ, నారింజ తొక్కల నూనె పిల్లులకి పడదు కూడా. చేసినావిడ ప్రేమగా సీసా ఇచ్చింది, ఏం చేయమంటారు అని ఒకరు అడిగారు. బాల్కనీ కడగండి, పిల్లి లేనప్పుడు.

వాసన వస్తోంది కానీ ఎక్కడ పోసిందో తెలియట్లేదు.

దొంగనోట్లు చూసే యూవీ టార్చ్ కొనండి, పెద్ద ఖరీదు కాదు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు వేసి, నేలకి దగ్గరగా పట్టుకుని నడవండి. ఎండిన ఉచ్చ పసుపు పచ్చగా మెరుస్తుంది. డిటర్జెంట్ పొడి మరకలు కూడా నీలంగా మెరుస్తాయి కాబట్టి చూసిన ప్రతిదానికీ గుండెలు బాదుకోనక్కర్లేదు, వంగి వాసన చూసి ఖాయం చేసుకోండి. సోఫా వెనక, బీరువా పక్క, కర్టెన్ అంచులు, చెప్పుల స్టాండు, బియ్యం బస్తా వెనక గోడ చూడండి. మొదటిసారి మా హాల్లో ఈ టార్చ్ వేసిన రోజు మా ఆయన ఒక్క మాటే అన్నాడు, 'ఆర్పెయ్, చూడలేను' అని. చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టుకుని పొద్దున్నే కడిగాం, పదకొండు చోట్లు.

ఎప్పుడూ లిట్టర్ తొట్టిలోనే (పిల్లి పోసుకోవడానికి లిట్టర్ అనే రవ్వలాంటి పొడి నింపి పెట్టే డబ్బా) పోసేది, ఉన్నట్టుండి బయట పోస్తోంది. కక్షా?

కక్ష కాదు. పిల్లికి ఉచ్చ రోత వస్తువు కాదు, మన మీద పగ తీర్చుకోవడానికి దాన్ని వాడదు. ఉన్నట్టుండి మారిందంటే ముందు అనుమానించాల్సింది ఒంట్లో బాగోలేదేమో అని. ఏ క్లీనర్ కొనాలి అని అడిగేవాళ్ళలో సగం మందికి నేను చెప్పేది డాక్టర్ దగ్గరికి వెళ్ళమనే.

ఉచ్చ పోసేటప్పుడు మంట పుడితే ఆ మంటని అది తొట్టితో ముడిపెడుతుంది. ఈ తొట్టిలో కూర్చుంటే నొప్పి వస్తోంది, ఇంకోచోట కూర్చుని చూద్దాం, ఇదీ దాని లెక్క. మెత్తగా, చల్లగా ఉండే చోట్లు వెతుక్కుంటుంది, పరుపు, ఇస్త్రీకి పెట్టిన బట్టల కుప్ప, బాత్రూమ్ నేల. వయసులో ఉన్న పిల్లుల్లో ఈ మంటకి ఎక్కువసార్లు ఇన్ఫెక్షన్ కూడా కారణం కాదు, టెన్షన్‌తో మూత్రాశయం వాచిపోతుంది. పండక్కి ఇంటినిండా చుట్టాలు రావడం, దీపావళి టపాసులు, ఇల్లు మారడం, కొత్త పాపాయి, కిటికీ బయట కొత్త గండుపిల్లి, ఏదైనా చాలు. అందుకే డాక్టర్ పరీక్ష చేయకుండా మన ఊహతో యాంటీబయాటిక్ వేయకూడదు. ముసలి పిల్లి అయితే కిడ్నీ జబ్బు, షుగర్, థైరాయిడ్ చూడాలి, వీటిలో నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది, తొట్టి దాకా ఆగలేదు. కీళ్ళ నొప్పులుంటే ఎత్తు తొట్టి గట్టు దాటలేదు, అంతే సంగతి, గట్టు ఒకవైపు కోసేస్తే సమస్య తీరిపోతుంది.

జాంగ్రీ విషయంలో మేం చేసిన తప్పు చెప్తాను. ఒక ఆదివారం పొద్దున్నించీ తొట్టిలోకి వెళ్ళడం, ముక్కడం, దిగడం, మళ్ళీ వెళ్ళడం. మలబద్ధకం అనుకున్నాం. గుమ్మడికాయ ఉడికించి మెదిపి పెట్టాం, తినలేదు. సాయంత్రానికి బాత్రూమ్ నేల మీద కూర్చుని ఒక రకంగా అరిచింది, ఆకలి అరుపు కాదు, పోట్లాట అరుపు కాదు, అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేల మీద రక్తం కలిసిన ఒకే ఒక్క చుక్క. అప్పుడు బుట్టలో పెట్టుకుని పరిగెత్తాం. దారి మూసుకుపోయింది, గొట్టం వేసి తీశారు, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంకో రాత్రి ఆగి ఉంటే దక్కేది కాదన్నారు.

అంటే ఎప్పుడు అర్ధరాత్రయినా పరిగెత్తాలి?

మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ ఉచ్చ రాకపోతే, అప్పుడే. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం, పలుకులో జిగురో అడ్డుపడితే ఇక చుక్క రాదు. విషమంతా రక్తంలోకి వెనక్కి పోతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఒకటి రెండు రోజుల వ్యవహారం ఇది. అరవడం, అక్కడే అదేపనిగా నాక్కోవడం, వాంతి, పొట్ట కింద గట్టి బంతిలా తగలడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాం అనుకోవద్దు. నొప్పిగా ఉందని పారాసెటమాల్ మాత్రం వేయకండి, ఒక్క బిళ్ళ పిల్లిని చంపగలదు.

మీ ఊళ్ళో రాత్రిళ్ళు తెరిచే క్లినిక్ ఏదో ముందే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. పగటిపూట వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు కూడా ఉన్నాయి, హైదరాబాద్ వాళ్ళకి రాజేంద్రనగర్, విజయవాడ వైపు వాళ్ళకి గన్నవరం, రాయలసీమ వాళ్ళకి తిరుపతి.

గోడకి, తలుపుకి నిలువుగా కొడుతోంది. అది కూడా ఇదేనా?

కాదు, అది స్ప్రే. పోయడం వేరు, కొట్టడం వేరు. పోసేటప్పుడు కూర్చుంటుంది, మడుగు అవుతుంది. కొట్టేటప్పుడు గోడకి వెనక్కి తిరిగి నిలబడి, తోక నిటారుగా లేపి, తోక కొస వణికిస్తూ చిన్న ధార వదులుతుంది. 'ఇది నా ఇల్లు' అని బోర్డు పెట్టడం అన్నమాట. మరక మోకాలి కింద ఎత్తులో మొదలై స్కర్టింగ్ దాకా కారుతుంది, కడిగేటప్పుడు కింద నేల సందు కూడా కడగాలి.

దీనికి మందు ఆపరేషన్. కొట్టడం అలవాటు కాకముందే, నాలుగైదు నెలల వయసులో చేయించేస్తే మంచిది. ముదిరాక చేయించినా మగపిల్లుల్లో పదింటికి తొమ్మిది తగ్గిస్తాయి లేదా మానేస్తాయి, కొన్నింటికి కొన్ని వారాలు పడుతుంది. ఆపరేషన్ అయినా మగవాటిలో సుమారు 10 శాతం, ఆడవాటిలో 5 శాతం కొడుతూనే ఉంటాయి. అవును, ఆడవి కూడా కొడతాయి. ఆపరేషన్ పాపం కదా అని మా పెద్దమ్మ అడిగింది. రోజూ తలుపు గీరుతూ బయటి పిల్లులతో పోట్లాడి చెవి చింపుకుని రావడం ఎంత పుణ్యమో నాకూ తెలియదు పెద్దమ్మా అన్నాను.

లిట్టర్ తొట్టి ఎంత పెద్దది, ఎన్ని, ఎక్కడ?

పిల్లులు ఎన్నో తొట్లు దానికంటే ఒకటి ఎక్కువ. రెండు పిల్లులకి మూడు తొట్లా అని నోరెళ్ళబెడతారు, చిన్న ఫ్లాట్‌లో కష్టమే, నాకూ రెండే ఉన్నాయి, కాకపోతే రెండూ వేర్వేరు గదుల్లో. పక్కపక్కన పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే. తొట్టి పొడవు పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. షాపుల్లో దొరికేవి చాలావరకు చిన్నవి. నేను బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒకవైపు కోసి అంచుకి టేప్ వేశాను. మూత ఉన్నవి మనకి నచ్చుతాయి, లోపల కంపు పేరుకుంటే దానికి నచ్చదు.

లిట్టర్ రెండు మూడు అంగుళాల మందం పోయండి. సెంటు లేనిది, సన్న రవ్వలా ఉండేది, తడిస్తే ఉండ కట్టేది. లావెండర్ వాసన మన కోసం పెట్టింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఉండలు తీసేయాలి, రెండు వారాలకోసారి మొత్తం పారబోసి మామూలు సబ్బు నీళ్ళతో కడగాలి. ఫ్లాట్ అంతా కంపు అని ఫోన్ చేసేవాళ్ళని తొట్టి ఆఖరిసారి ఎప్పుడు కడిగారని అడిగితే అవతల కాసేపు నిశ్శబ్దం.

ఎక్కడ పెట్టాలన్నది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మన ఫ్లాట్లలో యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టేస్తాం, మేమూ పెట్టాం. ఒకరోజు మిరియం లోపల కూర్చుని ఉండగా మెషీన్ స్పిన్ మొదలైంది, పాత మెషీన్, మొత్తం ఊగిపోతుంది. అది ఒక్క గెంతు గెంతి వంటింట్లోంచి మంచం కిందకి పోయింది. తర్వాత మూడు వారాలు ఆ బాల్కనీ గడప దాటలేదు, డోర్ మ్యాట్ మీదే పని కానిచ్చింది. మేం మ్యాట్లు మారుస్తూ, దాన్ని తిడుతూ, లిట్టర్ బ్రాండ్లు మారుస్తూ గడిపాం. కారణం తట్టింది మా పనమ్మాయికి. 'ఆ మెషీన్‌కి భయపడుతుందక్కా' అంది. తొట్టి పడకగది మూలకి మార్చిన రోజే సమస్య తీరిపోయింది. తిండి గిన్నె పక్కన పెట్టొద్దు, పారిపోవడానికి దారిలేని ఇరుకు మూలలో పెట్టొద్దు, రాత్రి మూసేసే తలుపు వెనక అసలే పెట్టొద్దు.

లిట్టర్ ఖరీదు ఎక్కువ. ఇసుక పోస్తే?

పిల్లికి ఇష్టమే, అది తవ్వుకోవడానికి పుట్టింది. మా అమ్మమ్మ ఇంట్లో పిల్లి పొయ్యి బూడిదలోనే పడుకునేది, అవకాశం దొరికితే అందులోనే పని కూడా కానిచ్చేది. కానీ ఇసుక ఉండ కట్టదు, ఉచ్చ అడుక్కి దిగి తొట్టంతా కంపు కొడుతుంది. రెండు రోజులకోసారి మొత్తం మార్చగలిగితే ఇసుక వాడండి. రంపపు పొట్టు పీలుస్తుంది కానీ ఇల్లంతా పరుచుకుంటుంది. చిన్న కూనలకి మాత్రం ఉండ కట్టే లిట్టర్ వద్దు, తినేస్తాయి, కాగితం ముక్కలు వేయండి.

ముక్కు దాంట్లో పెట్టి రుద్దితే బుద్ధొస్తుందంటారు.

రాదు. ఎందుకు తిట్టారో దానికి అర్థం కాదు, మీరంటే భయం మాత్రం పుడుతుంది. భయపడ్డ పిల్లి ఎక్కువ పోస్తుంది, ఈసారి మీకు దొరకని చోట.

మంచం మీదే పోస్తోంది, మిగతా ఇల్లంతా శుభ్రం. ఎందుకు?

జబ్బు లేదని తేలితే, మంచం మీద మీ వాసన ఉంటుంది కాబట్టి. దిగులు పడ్డప్పుడు తన వాసన, మీ వాసన కలిస్తే దానికి ధైర్యం. మీరు ఊరెళ్ళినప్పుడు పోసిందా, చూసుకోండి. పాత మరక పూర్తిగా పోకపోతే ఆ చోటు దాని ముక్కుకి ఇంకా తొట్టే. కొన్ని వారాలు పడకగది తలుపు మూసి ఉంచండి, పరుపుకి వాటర్‌ప్రూఫ్ కవర్ వేయండి, దుప్పటి పైన ఒక ప్లాస్టిక్ షీటు పరవండి, ఆ చప్పుడు వాటికి నచ్చదు. కడిగిన చోట తిండి గిన్నె పెట్టడం కూడా పనిచేస్తుంది, తినే చోట సాధారణంగా పోయవు. బూరుగుదూది పరుపైతే, ఉచ్చ దూదిలోకి దిగాక దాచుకుని లాభం లేదు. దూది తీయించి ఎండబెట్టి కొత్త గలేబు కుట్టించి చూశాం, ఆషాఢంలో మళ్ళీ వచ్చింది. అమ్మ పెళ్ళికి పెట్టిన పరుపు అది.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని పంపించేయమంటున్నారు.

పంపనక్కర్లేదు, తొట్టి పని ఆవిడ చేత చేయించకండి. భయం టాక్సోప్లాస్మా గురించి, కడుపులో బిడ్డకి హాని చేయగల సూక్ష్మజీవి అది. అది ఉచ్చలో కాదు, మలంలో ఉంటుంది, అదీ బయట పడ్డ వెంటనే అంటదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఇంకెవరైనా రోజూ తొట్టి ఎత్తేస్తే చాలావరకు భయం లేదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు, బయటికి వదలొద్దు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల వల్ల కూడా ఇది వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. గైనకాలజిస్ట్‌ని ఒకమాట అడిగి ఉంచుకోండి.

పూజగదిలో పోసింది. అత్తగారు రెండు రోజులుగా మాట్లాడట్లేదు.

మందుంది కానీ అది పిల్లికే. పటాలు, పీట తీసి నేల ఎంజైమ్‌తో కడగండి, చెక్క మందిరమైతే అడుగు అంచులు చూడండి, ప్లైవుడ్ పీల్చి ఉబ్బుతుంది. తర్వాత పసుపు నీళ్ళు చల్లుకోవాలంటే చల్లుకోండి, అది ఆవిడ కోసం. గదికి తలుపు లేకపోతే చిన్న జాలీ గేటు పెట్టించండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి పిల్లో తెలియదు, బైక్ సీటు మీద, గుమ్మం దగ్గర కొడుతోంది.

అది ఆపరేషన్ కాని గండుపిల్లి. కడిగితే మళ్ళీ వస్తుంది, ఎందుకంటే ఆ చోటు దాని సరిహద్దు. సీటుకి కవర్ వేయండి, గుమ్మం ఎంజైమ్‌తో కడగండి, రాత్రి చెత్తబుట్ట బయట పెట్టడం మానండి. అసలు పరిష్కారం పట్టుకుని ఆపరేషన్ చేయించి వదలడం. నలుగురు ఫ్లాట్ల వాళ్ళు తలా కొంత వేసుకుంటే ఖర్చు తెలియదు. విషం పెడదాం అన్న పెద్దమనిషి ఒకాయన మా మీటింగ్‌లో కూడా ఉన్నాడు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద అది నేరం. గోనెసంచిలో కట్టి వేరే కాలనీలో వదిలేస్తే ఇంకో గండుపిల్లి ఆ ఖాళీలోకి వస్తుంది, నెలలోపే.

మాకు వాసన రావట్లేదు, వచ్చినవాళ్ళకి వస్తోందేమో అని అనుమానం.

వస్తోంది. మన ముక్కు మన ఇంటికి అలవాటు పడిపోతుంది. ఊరెళ్ళి వచ్చినప్పుడు తాళం తీసిన మొదటి అరనిమిషం గమనించండి, మీ ఇంటి అసలు వాసన అదే. లేదా మొహమాటం లేని మనిషిని ఒకరిని పిలవండి. మాకైతే మా ఆడపడుచు ఉంది, గడపలోనే చెప్పులు విప్పకుండా నిలబడి, 'వదినా, ఈసారి సోఫా వెనక' అంటుంది, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు.